చెయ్యి ఆనే చోటు

మొన్న పై దవడలో పన్ను సలుపుతుంటే బందరు రోడ్డులో కొత్తగా పెట్టిన పళ్ళ ఆసుపత్రికి వెళ్ళాను. ఏసీ, గోడకు టీవీ, తాగడానికి చల్లటి నీళ్ళు, అన్నీ ఉన్నాయి. డాక్టరు పడుచువాడు, మర్యాదస్థుడే. కుర్చీ వెనక్కి వాల్చి, నోరు తెరవమని, డ్రిల్లు పట్టుకుని నా మీదికి వంగాడు. నేను ఠక్కున నోరు మూసేశాను.

“ఏమైందండీ? భయమేసిందా?” అన్నాడు.

“భయం కాదు నాయనా. నీ చెయ్యి గాల్లో ఉంది. ఉంగరం వేలు పక్క పన్ను మీద ఆనించు. ఆనించాక తిప్పుకో నీ మిషను.”

పక్కనున్న నర్సు పిల్ల మాస్కు వెనక కిసుక్కుమంది. అతను మాత్రం నవ్వలేదు పాపం. “మీరు డాక్టరా అండీ?” అని అడిగాడు.

“కాదు. డాక్టరు పక్కన నిలబడ్డదాన్ని. నోరు తెరుస్తున్నాను, కానివ్వు.”

వేలు ఆనించాడు. ఆ వేలి బరువు పన్ను మీద పడగానే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పేమోనని అతను కంగారుపడి చెయ్యి తీయబోయాడు. కాదు, కానివ్వమని సైగ చేశాను. నోటినిండా దూది పెట్టుకుని ఏం చెప్పను? మా మేడమ్ గుర్తొచ్చారని చెప్పినా, ఆవిడెవరో అతనికేం తెలుసు?

మేడమ్ పోయి ఏడాది కావస్తోంది. పేరు రాయను. రాస్తే ఆవిడే ఒప్పుకునేవారు కాదు. గవర్నర్‌పేటలో హోల్‌సేలు కాగితాల కొట్టు పైన మా క్లినిక్కు. కింద బోర్డు మీద ‘పళ్ళ డాక్టరు’ అన్న రెండు మాటలు, మెట్ల వైపు చూపించే బాణం, అంతే. ఇదేంటి మేడమ్, ఇంత చదువు చదివి పేరు వేయించుకోరా అంటే, “పన్ను నొప్పితో వచ్చేవాడికి నా పేరుతో పనేంటి? మెట్లెక్కడున్నాయో తెలిస్తే చాలు” అనేవారు. బోర్డు రంగు వెలిసినప్పుడల్లా బాణానికి మాత్రం కొత్త రంగు వేయించేవారు.

పెళ్ళయిన కొత్తలో మా ఆయన లారీ మీద రోజులకు రోజులు పోతుంటే, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక ఆ మెట్లెక్కాను. ఎక్కినదాన్ని మళ్ళీ దిగలేదు. నా పని ఏమంటే, మేడమ్ పన్ను తొలుస్తున్నప్పుడు నోట్లో ఊరే నీళ్ళు పీల్చే గొట్టం పట్టుకోవడం. కదలకుండా పట్టుకోవాలి. తుమ్మొచ్చినా, దురద పుట్టినా, ఇంటి నుంచి కబురొచ్చినా సరే. దానికి తోడు పేషెంట్లను తిట్టడం. అది నా ఉద్యోగంలో లేదు, కానీ ఎవరో ఒకరు తిట్టాలి కదా. పుచ్చిన పన్నుని లవంగాలతో మభ్యపెట్టి పెట్టి, దవడ బంతిలా వాచాక వచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

మేడమ్ మాత్రం ఎవరినీ తిట్టేవారు కాదు. అలాగని “ఏం కాదు, నొప్పుండదు” అని ఒక్కరికీ చెప్పలేదు. కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషికీ ఒకే మాట. “నొప్పి ఉంటుంది. కొంచెంసేపే. నేనున్నాను. మరీ ఓర్చుకోలేకపోతే ఎడమ చెయ్యి ఎత్తండి, ఆపేస్తాను. కుడి చెయ్యి మాత్రం ఎత్తకండి, కొడతారేమోనని నాకు భయం.” ముసలివాళ్ళు కూడా నవ్వి నోరు తెరిచేవాళ్ళు. చెయ్యి ఎత్తితే నిజంగానే ఆపేవారు. సగం పనిలో ఉన్నా ఆపేవారు. ఆ నమ్మకం మీదే జనం ఆ మెట్లెక్కేవారు.

ఇంకో అలవాటు ఉండేది ఆవిడకి. నోటిలో చూసే చిన్న అద్దం ఉంటుంది కదా, దాని కాడతో కనపడ్డదల్లా తట్టి చూడటం. పుచ్చకాయ, తలుపు, కారు టైరు, స్టీలు గిన్నె. ఒకసారి నా నెత్తి మీద కూడా తట్టారు. “ఇది గట్టిదే” అన్నారు. పళ్ళు పాడవుతాయని లోకానికంతా మిఠాయిలు మాన్పించిన మనిషి, సొంత డ్రాయరులో పల్లీ చిక్కీ దాచుకుని పటపటా కొరికేవారు. “పన్నున్నది నమలడానికే రజియా. దాచుకుంటే ఏం చేసుకుంటాం?”

నేర్చుకోవడానికి వచ్చే కొత్త డాక్టర్లకు ఆవిడ మొదట చెప్పే పాఠం వినీ వినీ నాకు కంఠస్థమైపోయింది. “చెయ్యి గాల్లో ఉంటే ఎవరికైనా వణుకుతుంది. అందుకే ఆనించాలి. పన్ను మీదే ఆనించాలి. పెదవి మీద కాదు, చెంప మీద కాదు. మెత్తటిది కదిలిపోతుంది. మెత్తటిదాన్ని నమ్ముకుంటే నీ చెయ్యీ పోతుంది, అవతలివాడి నోరూ పోతుంది.”

ఇలా ఉండగా ఒకరోజు టీ తాగుతూ, “రజియా, విమానం కొన్నాను” అన్నారు.

“ఎక్కడికి మేడమ్? హైదరాబాదా?”

“టిక్కెట్టు కాదు. విమానమే. ముక్కలుగా పెట్టెల్లో వస్తుంది. మనమే కట్టుకోవాలి.”

“మనమా?” అన్నాను. నాకు వినపడిందల్లా ఆ ఒక్క మాటే.

ఎందుకు మేడమ్ ఈ వయసులో ఈ పిచ్చి అని అడిగాను. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో ఇంజను లేని గ్లైడరు ఎక్కారట. ఆ ముచ్చట అక్కడితో ఆగిపోయిందట. “ఇన్నేళ్ళూ వంగి వంగి జనం నోళ్ళలోకి చూశాను. ఇక తలెత్తి చూస్తాను” అన్నారు. ఆ తర్వాత ఎప్పుడడిగినా అంతకుమించి చెప్పలేదు.

మైలవరం దగ్గర వాళ్ళకు మామిడి తోట, తోటలో కాయలు నిల్వ చేసే పెద్ద రేకుల షెడ్డు ఉన్నాయి. సీజను అయిపోతే షెడ్డు ఖాళీ. ఆ పెట్టెలన్నీ అక్కడ దిగాయి. ప్రతి ఆదివారం మేడమ్ కారులో బయలుదేరేవాళ్ళం. ఇబ్రహీంపట్నం పొగగొట్టాలు దాటి, కొండపల్లిలో టీ తాగి, షెడ్డు చేరేసరికి ఎండ ముదిరేది. రేకులకు రివెట్లు కొట్టేటప్పుడు వెనక ఇనప దిమ్మ అదిమి పట్టుకోవడం నా వంతు. కదలకుండా పట్టుకోవాలి. పని మారిందే తప్ప ఉద్యోగం మారలేదు నాకు.

విమానానికి ఎడమ, కుడి అన్నది పైలట్ కూర్చున్న వైపు నుంచి లెక్క. ముక్కు వైపు నిలబడి చూస్తే తిరగబడుతుంది. దాన్ని చూడటానికి వచ్చిన ప్రతి మగమహారాజూ అక్కడ తికమకపడేవాడు. మాకిద్దరికీ ఆ బాధే లేదు. పేషెంటు ఎడమ మాకు ఎప్పుడూ కుడే కదా. మేడమ్ ఆ విమానాన్ని పేషెంటు అనే అనేవారు. ముందు భాగంలో ఇంజనుకీ మనుషులకీ మధ్య ఉండే స్టీలు రేకు గోడని, పళ్ళు నాటుకునే చోటు పేరు పెట్టి, ‘చిగురు’ అనేవారు. ఇంజనుని మోసే స్టీలు గొట్టాల చట్రం, సైకిలు ఫ్రేములాంటిది, దాని పేరు ‘దవడ’.

విమానం రూపుకొస్తోందనగా వచ్చింది ఆ వణుకు.

ఒక పేషెంటు నోట్లో అద్దం పెడితే అది పన్నుకి తగిలి టిక్కు టిక్కుమని చప్పుడు చేసింది. నేను గొట్టం పట్టుకుని ఆవిడ వంక చూశాను. ఆవిడ నా వంక చూడలేదు. ఉంగరం వేలు ఇంకాస్త గట్టిగా ఆనించి, ఆ పని పూర్తి చేసి, అతనికి జాగ్రత్తలు చెప్పి పంపి, చేతులు కడుక్కున్నారు. చాలాసేపు కడుక్కున్నారు. నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాక చెప్పారు. ప్రాణభయం లేదట, పోయేదీ కాదట, మెల్లగా పెరుగుతుందట.

“బోర్డు దింపించేద్దాం రజియా.”

“అప్పుడే ఏంటి మేడమ్? వేలు ఆనిస్తే వణకడం లేదుగా. కనిపించడం లేదు కూడానూ.”

“కనిపించేదాకా ఆగుతామా? అది వాళ్ళ పన్ను. నాది కాదు.”

ఆ వారమే బోర్డు దిగింది. నేను మెట్ల మీద కూర్చుని బాణం వంక చూస్తూ ఏడ్చాను. ఆవిడ పక్కన కూర్చుని చిక్కీ విరిచి సగం నా చేతిలో పెట్టారు. విరిచేటప్పుడు చెయ్యి వణికింది. పొడి అంతా చీర మీద పడింది.

ఇక మిగిలింది విమానం. అందులో మిగిలినవాటిలో కష్టమైంది ఆ దవడని చిగురుకి బిగించడం. చట్రానికి నాలుగు పాదాలు. అవి రేకు గోడ నాలుగు మూలలకీ ఆనతాయి. గోడ వెనక ప్రతి మూలా లోపలి శరీరానికి రివెట్లు కొట్టేసిన లావుపాటి స్టీలు బ్రాకెట్టు ఉంటుంది. పాదం, గోడ, బ్రాకెట్టు, మూడింటినీ కలిపి ఒకే బెజ్జం వేసి బోల్టు దూర్చాలి. ఇంజను మొత్తం వేలాడేది ఆ నాలుగు బోల్టుల మీదే. బెజ్జం కొంచెం వంకర పోయినా, గుండ్రంగా కాకుండా సాగినా బోల్టు లోపల ఆడుతుంది. ఆడితే ఇంజను అదురుకి ఇంకా సాగుతుంది. అప్పుడు ఆ మూల బ్రాకెట్టు ఊడబెరకాలి. ఊడబెరకాలంటే ముందు భాగమంతా విప్పాలి. అన్నాళ్ళు ఆగే చేతులు కావు ఆవిడవి.

పని చూసి ఒప్పుకోవాల్సింది, రేపు నడపాల్సింది వాయుసేనలో పనిచేసి రిటైరైన ఒక గ్రూప్ కెప్టెన్ గారు. గన్నవరం వైపు ఉంటారు. మాట పొదుపు మనిషి. చట్రం చూసి, “డాక్టర్ గారూ, నాలుగు బెజ్జాలూ నిఖార్సుగా ఉంటే నేను నడుపుతాను, పక్కన మీరు కూర్చోండి. ఒక్కటి కోడిగుడ్డు ఆకారంలో ఉన్నా నేను ఎక్కను, మిమ్మల్నీ ఎక్కనివ్వను” అని చెప్పి వెళ్ళిపోయారు.

మేడమ్ తమ్ముడు మైలవరంలో ఎరువుల వ్యాపారం చేస్తారు. అక్కంటే ప్రాణం, అక్క మాటంటే భయం. ఆయన షెడ్డుకి వచ్చి నెత్తి కొట్టుకున్నారు.

“ఏంటక్కా ఇది? చేతులు వణుకుతున్నాయని పళ్ళు మానేశావు. ఇంజను బెజ్జాలు మాత్రం నేనే వేస్తానంటావు! ఆటోనగర్ నుంచి మేస్త్రీని తీసుకొస్తా. వేసేసి టీ తాగి పోతాడు.”

“బాగా వేస్తాడురా. నాకంటే బాగా వేస్తాడు.”

“మరి?”

“పళ్ళు ఊళ్ళోవాళ్ళవి. పాడుచేస్తే నొప్పి వాళ్ళది, అందుకే మానేశాను. ఇది నాది. పాడుచేస్తే నొప్పి నాది. నా నొప్పికి నాకు హక్కు లేదా?”

ఆయన నా వైపు తిరిగి, “నువ్వైనా చెప్పమ్మా” అన్నారు. నేనేం చెబుతాను? నాకూ ఆయన మాటే సబబనిపించింది. కానీ ఆ మాట ఆవిడ ముఖం చూస్తూ అనడానికి నోరు రాలేదు.

ముందు తుక్కు ముక్కల మీద సాధన మొదలుపెట్టారు. అక్కడ జరిగిన పొరపాటు పళ్ళ డాక్టరు తప్ప ఇంకెవ్వరూ చెయ్యరు. పన్నుని ఎలా తొలుస్తారో కుర్చీలో పడుకున్నవాళ్ళందరికీ తెలుసు. తాకించి తీయడం, తాకించి తీయడం. నొక్కిపెడితే వేడెక్కి లోపల నరం చచ్చిపోతుంది. మేడమ్ స్టీలుని కూడా అలాగే ముద్దుగా తాకించి తీశారు. తాకినప్పుడల్లా నేను అలవాటుగా పక్కకు వంగి గొట్టం కోసం చెయ్యి చాపాను. ఎంతసేపు తాకించినా బెజ్జం పడదు! రేకు మీద అద్దంలా మెరిసే మచ్చ పడింది. డ్రిల్లు ముక్క మొద్దుబారి నీలంగా మారింది. మేడమ్ భూతద్దాల కళ్ళజోడు పెట్టుకుని ఆ మచ్చని చూసి, కాడతో తట్టి, పెద్దగా నవ్వేశారు.

“చూశావా? ఆ రేకుని రాచి రాచి ఇంకా గట్టిపరిచాను. ఇది పన్ను కాదు. దీన్ని బుజ్జగించకూడదు. నెమ్మదిగా తిప్పుతూ, ఒక్క పట్టున నొక్కాలి. ఇన్నేళ్ళ మంచి అలవాటు ఇక్కడ చెడ్డ అలవాటైంది.”

అలవాటు మార్చుకోవడం ఆవిడకి కష్టం కాలేదు. అసలు కష్టం దాని వెనకే వచ్చింది. తేలిగ్గా తాకేటప్పుడు వణుకు అంతగా తెలిసేది కాదు. బరువైన డ్రిల్లు ఎదురుగా పట్టుకుని విడవకుండా నొక్కేసరికి మోచెయ్యి ఊగిపోయేది. తుక్కు ముక్కల్లో వేసినవన్నీ కోడిగుడ్లే. పారేద్దామంటే ఒప్పుకోలేదు. చెడిన ప్రతి ముక్కనీ తీగకు గుచ్చి షెడ్డు గుమ్మానికి వేలాడదీశారు. గాలికి గలగలలాడేవి. ఎందుకు మేడమ్ ఈ దిష్టిదండ అంటే, “సిగ్గుపడటానికి కాదు. తగ్గుతున్నాయో లేదో చూసుకోవడానికి” అన్నారు. ఎండాకాలమంతా, షెడ్డులో ఒక పక్క కాయల రాశులున్నా, ఆ దండ పొడుగు పెరుగుతూనే ఉంది. నేనైతే దాని వంక చూడకుండా లోపలికి పోయేదాన్ని. ఆవిడ దాని కింద నుంచే తల వంచి లోపలికి వచ్చేవారు, మళ్ళీ డ్రిల్లు అందుకునేవారు.

మోచేతికి ఆనిక కావాలి. అది ఇద్దరికీ తెలుసు. మామిడికాయల చెక్కపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి చూశాం. గట్టివే, కానీ డ్రిల్లు అదురుకి అవి కిర్రుమని అదిరి, ఆ అదురు తిరిగి చేతిలోకే వచ్చేది. ఇసుక బస్తా పెట్టి చూశాం. మొదట బాగానే ఉండేది, నొక్కేకొద్దీ లోపల ఇసుక జారి మోచెయ్యి దిగిపోయేది. రెండు కోడిగుడ్లు దాని పుణ్యమే. మేడమ్ బస్తాని కాలితో ఒక్క తాపు తన్నారు. ఆవిడ కోపం చూడటం నాకదే మొదలు.

“నా భుజం మీద పెట్టండి మేడమ్” అన్నాను.

“వద్దు.”

“ఏం?”

“మెత్తటిదాని మీద ఆనించకూడదని చెప్పేది నేనే.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. “మెత్తటిదాన్నా నేను? నా నెత్తి మీద తట్టి గట్టిదన్నది ఎవరు? ఇన్నేళ్ళు మీ పక్కన గొట్టం పట్టుకుని కొయ్యలా నిలబడ్డాను. ఒక్కనాడైనా కదిలానా? కదిలుంటే చెప్పండి, ఇప్పుడే బస్సెక్కి బెజవాడ పోతాను!”

మేడమ్ డ్రిల్లు కింద పెట్టారు. నెమ్మదిగా అన్నారు. “అది కాదే. మనిషి ఊపిరి పీలుస్తుంది. ఊపిరికి భుజం లేస్తుంది.”

“మీరు పీల్చినప్పుడే నేనూ పీలుస్తాను. మీరు ఆపితే ఆపుతాను. క్లినిక్కులో చేసింది అదేగా. మీరు చూసుకోలేదు, అంతే.”

ఆవిడ లేచి ఇసుక బస్తాని పక్కకి ఈడ్చేశారు. తర్వాత ఒక తుక్కు ముక్క బిగించి, నన్ను పెట్టె మీద కూర్చోబెట్టి, నా భుజం మీద మోచెయ్యి ఆనించారు. ఆ వణుకు పోలేదండీ. అబద్ధమెందుకు చెప్పాలి? అది నా భుజంలోకి దిగింది. లోపల సన్నగా కొట్టుకునేది, అక్కడే ఆగిపోయేది. డ్రిల్లు కొస మాత్రం కదల్లేదు. ఆ ముక్కని మేడమ్ దండకు గుచ్చలేదు. చీర కొంగుతో తుడిచి పర్సులో పెట్టుకున్నారు.

అసలు పని వర్షాలు మొదలవకముందు ఒక ఆదివారం పొద్దున పెట్టుకున్నాం. కాయలన్నీ వెళ్ళిపోయాయి, షెడ్డంతా మామిడి జీడి వాసన. చట్రాన్ని గోడకు ఆనించి, మట్టం చూసి, ఐమూలలు కొలిచి, మళ్ళీ కొలిచి, బిగించారు. తమ్ముడు గారు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. మేడమ్ విమానం ముక్కు దగ్గర స్టూలు వేసుకుని, చట్రాన్ని అద్దం కాడతో తట్టి, “నొప్పి ఉంటుంది. కొంచెంసేపే. నేనున్నాను” అన్నారు. తమ్ముడు గారికి నవ్వొచ్చింది. నాకు రాలేదు. నా ఎడమ భుజం మీద మోచెయ్యి బరువు పడింది. కుడి చేతిలో నూనె డబ్బా, చుక్క చుక్కగా డ్రిల్లు కొస మీద వదలడం నా పని.

మొదట సన్నటి డ్రిల్లు, తర్వాత లావుది, ఆ తర్వాత ఇంకా లావుది. పైన రెండు మూలలూ బాగానే అయ్యాయి. స్టీలు రజను ఉంగరాలు తిరిగి నా ఒళ్ళో రాలింది. కింద మూలలకు మేడమ్ పీట మీదికి, నేను నేల మీదికి దిగాం. మూడోదీ అయింది. నాలుగోది సగంలో ఉండగా నా కాలి మీద ఏదో పాకింది. మామిడి చెట్ల ఎర్ర చీమలు. జీడి వాసనకు షెడ్డంతా అవే. ఒకటి కుట్టింది. ఇంకోటి. చీలమండ చుట్టూ నిప్పు పెట్టినట్టయింది. యా అల్లా, కాలు విదిలిస్తే చాలు, ప్రాణం హాయిగా ఉంటుంది. విదిలిస్తే భుజం కదులుతుంది. భుజం కదిలితే ఆ మూల పోతుంది, ఆ మూల పోతే అన్నీ పోయినట్టే.

మేడమ్ ఊపిరి పీల్చారు. నేనూ పీల్చాను. ఆవిడ వదిలారు. నేనూ వదిలాను. కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. నూనె చుక్క వదిలాను. డ్రిల్లు అవతలికి దిగగానే చప్పుడు మారింది. మేడమ్ నెమ్మదిగా వెనక్కి తీశారు, మోచెయ్యి ఎత్తారు. అప్పుడు లేచి గంతులేశాను చూడండి, తమ్ముడు గారు నాకు పూనకం వచ్చిందనుకున్నారు.

నా కాలు చూసి మేడమ్ డ్రిల్లు పక్కన పడేశారు. చీలమండంతా ఎర్రగా దద్దుర్లు.

“పిచ్చిదానా, ఎడమ చెయ్యి ఎత్తొచ్చు కదే! ఎత్తితే ఆపేదాన్ని కదా!”

“ఎట్టా ఎత్తుతాను మేడమ్? ఎడమ చెయ్యి ఎత్తితే ఎడమ భుజం కదులుద్ది.”

ఆవిడ నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని సున్నం రాశారు. వద్దు మేడమ్, పెద్దవాళ్ళు, కాలు పట్టుకోకూడదంటే వినలేదు. ఆ చేతులు వణుకుతూనే ఉన్నాయి, సున్నం నా కాలంతా పూశారు. ఆవిడా ఏడ్చారు, నేనూ ఏడ్చాను. తమ్ముడు గారు ఫోను వచ్చినట్టు బయటికి వెళ్ళిపోయారు.

చివరికి బెజ్జాలను నున్నగా, సరిగ్గా బోల్టు కొలతకు తేవడానికి రీమరు తిప్పాలి. రీమరంటే నాకు కొత్తేం కాదు. పన్ను వేరు శుభ్రం చేసేటప్పుడు వాడేదీ అదే పేరు, కాకపోతే అది సూదంత, ఇది వేలంత. అది చేత్తోనే తిప్పారు, తొందర లేకుండా.

మర్నాడు కెప్టెన్ గారు వచ్చారు. నేరుగా చట్రం దగ్గరికి నడిచారు. జేబులోంచి కొత్త బోల్టు తీసి మొదటి బెజ్జంలో పెట్టి బొటనవేలితో తోశారు. అది ఆగకుండా, ఆడకుండా తల దాకా దిగింది. రెండోది దిగింది. మూడోది దిగింది. నాలుగో బోల్టు మేడమ్ చేతికిచ్చి, “మీరు తోయండి” అన్నారు. వణికే వేలితో మేడమ్ బోల్టు కొసని బెజ్జం దగ్గర పెట్టడానికి కొంచెం తడబడ్డారు. కొస దొరికాక ఒక్క తోపు. తల దాకా.

“ఎక్కుతాను డాక్టర్ గారూ” అన్నారు కెప్టెన్ గారు.

మేడమ్ పర్సులోంచి చిక్కీ తీసి అందరికీ పంచారు. గుమ్మానికి వేలాడే దండని మాత్రం తీయనివ్వలేదు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇంజను బిగించాక ఒకసారి షెడ్డు బయట తిప్పి చూశారు. ఎండుటాకులన్నీ లేచి తోటంతా ఎగిరాయి. మేడమ్ లోపల కూర్చుని నా వైపు ఎడమ చెయ్యి ఎత్తారు. ఆపమనేమోనని నేను కెప్టెన్ గారిని కేకలేశాను. కాదు, సంతోషంతో ఊపారట. విమానం ఎగరడానికి ప్రభుత్వం వాళ్ళ అనుమతులు రావాలి, అవి వచ్చేలోపే ఆవిడ వెళ్ళిపోయారు. ఒక మధ్యాహ్నం భోంచేసి పడుకున్నారు, లేవలేదు. నేను వెళ్ళేసరికి చేతులు రెండూ గుండె మీద పెట్టి ఉన్నాయి, ఏ వణుకూ లేకుండా. అలా నిశ్చలంగా ఉన్న ఆ చేతులు నాకు ఏమాత్రం నచ్చలేదు. వణికితే బాగుండు అనిపించింది.

విమానాన్ని తమ్ముడు గారు అమ్మలేదు. ఆదివారాలు ఆయనే వెళ్ళి దుమ్ము తుడుస్తున్నారు.

పన్ను చూపించుకుని వచ్చిన సాయంత్రమే కెప్టెన్ గారు ఫోను చేశారు. దవడ ఇంకా మొద్దుబారి ఉంది, మాట సరిగ్గా పలకడం లేదు నాకు.

“రజియా గారూ, అనుమతి వచ్చింది. మొదట నేనొక్కడినే ఎగరాలి, అది పద్ధతి. ఆ తర్వాత పక్క సీటులో బరువు పెట్టుకుని ఎగరాలి. డాక్టర్ గారు కూర్చోవాల్సిన సీటు అది. అక్కడ ఇసుక బస్తా కట్టిస్తున్నాం. మీకు చెప్పకుండా చేయడం బాగుండదని...”

నేను లిఫ్టు ఎక్కడానికి జంకే మనిషిని. మా వీధిలో నీళ్ళ ట్యాంకు మెట్లెక్కితేనే కళ్ళు తిరుగుతాయి.  ఎడమ భుజం మీద ఆ మోచేతి బరువు తెలిసింది.

“ఇసుక బస్తా పెట్టకండి కెప్టెన్ గారూ.”

“మరి?”

“నేను కూర్చుంటాను. బస్తా జారుద్దండీ. నేను కదలను.”